పాలు లేని ఓట్స్ మొహం మొత్తిందా? పళ్లు, కూరగాయలు, పోపుగింజలతో నేను చేసేవి ఇవీ

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. పన్నెండేళ్ల కిందట మా ఇంట్లో గిన్నె కూడా సరిగ్గా అదే. ఎనిమిది నెలల నుంచి వీగన్‌గా, అంటే పాలు, నెయ్యి, తేనె లాంటి జంతువుల నుంచి వచ్చేవేవీ తినకుండా ఉంటున్నానన్నారు. రోజూ పొద్దున బాదంపాలలో ఓట్స్, పైన అరటిపండు ముక్కలు, దాల్చినచెక్క పొడి. ఇప్పుడు ఆ వాసనకే కడుపులో తిప్పుతోందన్నారు. బెంగళూరు పీజీ గదిలో ఒక ఇండక్షన్ స్టవ్, చిన్న మిక్సీ ఉన్నాయి, పని రోజుల్లో పది నిమిషాలకు మించి పొయ్యి దగ్గర నిలబడలేను, పళ్లు, కూరగాయలు, మసాలాలతో ఏమైనా కొత్తగా చెప్పండి అన్నారు. రాత్రి నానబెట్టి పొద్దున చల్లగా తినే ఓట్స్ గురించి కూడా అడిగారు.

నేను విజయవాడలో చదువుకునే ఆడపిల్లలకు మెస్ నడుపుతాను. మా అమ్మాయి డిగ్రీలో ఉండగా పాలు, పెరుగు, నెయ్యి అన్నీ మానేసింది. దానికోసం వేరేగా వండీ వండీ నాలుగేళ్లకు నేనూ మానేశాను. మెస్‌లో వారానికి రెండు రోజులు పొద్దున ఓట్స్ పెడతాను. నచ్చనిదాన్ని పిల్లలు మొహమాటం లేకుండా వదిలేస్తారు. కాబట్టి ఏది గిన్నె అడుగు దాకా ఖాళీ అయిందో, ఏది పంపు దగ్గర పారబోశానో నాకు బాగానే గుర్తుంది.

ముందు ఒకటి చెప్పండి, మీ ఓట్స్‌లో ఉప్పు వేస్తున్నారా? తీపి ఓట్స్‌లో కూడా? మెస్‌లో కొత్తగా చేరిన ఏ పిల్లనడిగినా లేదనే చెబుతుంది. ఓట్స్‌కు సొంతంగా పెద్ద రుచి లేదు, మన అన్నానికి లేనట్టే. ఉప్పు లేని అన్నంలో పంచదార కలుపుకుని ఎనిమిది నెలలు తింటే ఎవరికైనా విసుగే. పాయసం, పరమాన్నం పండగకు బాగుంటాయి, రోజూ పొద్దున కాదు. దాన్ని జావ అనుకోండి, పొంగలి అనుకోండి, చారన్నం అనుకోండి, అప్పుడు దారులు వాటంతటవే కనిపిస్తాయి. చప్పటిదాన్ని రుచిగా తినడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా. పోపు ఉంది, పులుపు ఉంది, పొడులున్నాయి, పచ్చళ్లున్నాయి.

స్కాట్లాండ్‌లో కార్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో 1994 నుంచి ఓట్స్ జావ వండే ప్రపంచ పోటీ జరుగుతోంది. దాని పేరు గోల్డెన్ స్పర్టిల్. స్పర్టిల్ అంటే జావ కలిపే కర్ర, మన పప్పుగుత్తికి దూరపు చుట్టం. అసలు పోటీలో వాడనిచ్చేవి మూడే: ఓట్స్, నీళ్లు, ఉప్పు. పాలూ లేవు, పంచదారా లేదు. అంటే ఓట్స్‌తో పుట్టి పెరిగినవాళ్ల అసలు వంటకం వీగనే అన్నమాట. పక్కనే ఇంకో విభాగం ఉంది, అందులో ఎవరికి తోచిన రుచి వాళ్లు చేసుకోవచ్చు. మనం ఇప్పుడు మాట్లాడుకునేది ఆ రెండో విభాగం, కానీ మొదటిది చేతికి రాకుండా రెండోది కుదరదు.

అందుకని మొదటిది చెబుతాను. ఒక మనిషికి అరకప్పు రోల్డ్ ఓట్స్ (అటుకుల్లా నొక్కినవి), అంటే సుమారు 40 గ్రాములు. నీళ్లు ఒకటింపావు కప్పు. ఉప్పు రెండు చిటికెలు. ఓట్స్‌ను నూనె లేకుండా సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేయించండి. రంగు మారక్కర్లేదు, వేయించిన అటుకుల వాసన రాగానే దించేయండి. ఈ ఒక్క పనితో సగం రుచి వస్తుంది. ఆదివారం పూట అరకిలో ఒకేసారి వేయించి, చల్లారాక డబ్బాలో పోసుకుంటే వారమంతా ఆ గొడవ ఉండదు. తర్వాత, ఓట్స్ చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెడితే పిండి నీళ్లలోకి దిగి జావ వెన్నలా వస్తుంది. తీపివాటికి ఇదే బాగుంటుంది. మరిగే నీళ్లలో వేస్తే గింజ విడివిడిగా నిలుస్తుంది, కారంగా చేసేవాటికి అదే నయం. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంది, ఆ జిగురు దానిదే. ఊరికే గరిటె పెట్టి తిప్పుతూ ఉంటే జిగురు పెరిగి జావ కాస్తా బంకవుతుంది. అడుగంటకుండా రెండు మూడుసార్లు కలిపితే చాలు. ఇండక్షన్ మీద అడుగు త్వరగా పడుతుంది కాబట్టి నీళ్లు మరిగాక సెగ బాగా తగ్గించండి.

మీరు వాడేవి రెండు నిమిషాల్లో ఉడికిపోయే క్విక్ ఓట్స్ అయితే తీపికి పర్వాలేదు, కారపువాటికి ముద్దయిపోతాయి. నూకలా ఉండే స్టీల్ కట్ ఓట్స్ దొరికితే ఒక ప్యాకెట్ తెచ్చుకోండి. పావుకప్పు రాత్రే కప్పు నీళ్లలో నానేస్తే పొద్దున పది పన్నెండు నిమిషాల్లో ఉడుకుతాయి, నానేయకపోతే అరగంట పడుతుంది. ఉప్మా, పులిహోర లాంటివి వీటితో చేస్తే ఓట్స్ అని ఎవరూ పోల్చుకోలేరు.

ఇక రుచుల దగ్గరికొద్దాం. పని రోజుకు నేను మొదట చెప్పేది చారు ఓట్స్. మా మెస్‌లో ఒక్క మెతుకు మిగలనిది ఇదే. పండిన టమాటాలు రెండు చేత్తో చిదిమి గిన్నెలో వేయండి, ఉసిరికాయంత చింతపండు కాదు, అందులో పావు వంతు చాలు, దాని రసం పోయండి. పసుపు, ఉప్పు, ఒకటిన్నర కప్పు నీళ్లు. అది మరిగేలోపు అరచెంచా మిరియాలు, అరచెంచా జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచుకోండి. పీజీలో రోలు ఉండదు కాబట్టి కవర్లో వేసి గ్లాసు అడుగుతో నలగ్గొట్టినా సరిపోతుంది. చారు కాగి టమాటా పచ్చివాసన పోయాక దంచింది వేసి, వేయించిన ఓట్స్ అరకప్పు వేసి నాలుగు నిమిషాలు. దించాక నువ్వులనూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో పోపు. పైన కొత్తిమీర. చారు కంటే చిక్కగా, పొంగలి కంటే పలచగా ఉండాలి, గిన్నె ఎత్తి తాగబోతే చివర్లో చెంచా అవసరమయ్యేంత. జలుబు చేసిన రోజు మిరియాలు ఇంకో పావుచెంచా వేసుకోండి. బజారులో దొరికే ఇంగువలో చాలావరకు మైదా గానీ గోధుమపిండి గానీ కలిపి ఉంటుంది, గోధుమ పడనివాళ్లు డబ్బా వెనక చూసి కొనాలి. ఆమాటకొస్తే ఓట్స్‌లోనూ గోధుమ కలుస్తుంటుంది, వాళ్లు గ్లూటెన్ లేదని రాసి ఉన్నవే తీసుకోవాలి.

దీని అక్కచెల్లెళ్లు చాలామందే ఉన్నారు. టమాటా బదులు పచ్చిమామిడి తురుము వేస్తే వేసవి చారు. పెసరపప్పు పిడికెడు ముందే ఉడికించి మిరియాలు, జీడిపప్పు, అల్లంతో చేస్తే పొంగలి. పొంగలిలోకి ఆవకాయ వేసుకోండి. నెయ్యి లేదన్న లోటు ఆవకాయ నూనె తీర్చేస్తుంది. ఇది మాత్రం అబద్ధం కాదు, మెస్‌లో నెయ్యి తినే పిల్లలు కూడా ఒప్పుకున్నారు.

గోంగూర ఓట్స్ అంటే మొదట అందరూ మొహం చిట్లించారు. ఎర్రగోంగూర గుప్పెడు నూనెలో పచ్చిమిర్చితో మగ్గబెడితే రెండు నిమిషాల్లో గుజ్జయిపోతుంది. ఉల్లిపాయ విడిగా ఎర్రగా వేయించి పెట్టుకోండి. మరిగే నీళ్లలో ఉడికించిన ఓట్స్‌లో, కాస్త గట్టిగా ఉండగానే ఈ రెండూ కలిపి పైన వేయించిన పల్లీలు వేయండి. ఓట్స్ చప్పదనం గోంగూర పులుపును మింగేస్తుంది కాబట్టి అన్నంలో కంటే ఎక్కువ ఆకే వేయాలి. చింతచిగురు వచ్చే రోజుల్లో దానితోనూ చేస్తాను, కానీ బెంగళూరులో మీకది దొరుకుతుందో లేదో. పాలకూర వేస్తే మాత్రం నిమ్మరసం తప్పనిసరి. లేకపోతే ఆసుపత్రిలో పెట్టే పథ్యం గుర్తొస్తుంది.

కూరగాయల్లో తీపి వైపు నిలబడేవి మూడు: తీపి గుమ్మడి, చిలగడదుంప, క్యారెట్. బీట్‌రూట్ నాలుగోది, కానీ దానికి కొంచెం బుజ్జగింపు కావాలి.

గుమ్మడికాయది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అమెరికాలో ఉండే మా చుట్టాలు అక్టోబరు రాగానే పంప్‌కిన్ స్పైస్ అంటూ సీసాలు కొంటారు. ఆ సీసాలో ముఖ్యంగా ఉండేవి దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం. ఇవన్నీ మన పోపులడబ్బాలోవో, మందులడబ్బాలోవో. కప్పు గుమ్మడి ముక్కలు చెక్కు తీసి కొంచెం నీళ్లతో మూతపెట్టి మెత్తగా ఉడికించండి, గరిటె వెనకవైపుతో మెదపండి. అందులో ఓట్స్, కప్పు పలచటి కొబ్బరిపాలు, ఉప్పు వేసి ఉడికాక, నలగ్గొట్టిన బెల్లం రెండు చెంచాలు. శొంఠి పావుచెంచా, ఒకే ఒక్క లవంగం పొడి, మూడు మిరియాల పొడి. జాజికాయ గీకినట్టు కాస్త, ఎక్కువైతే చేదు. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. నేను చివర్లో చింతపండు రసం ఒక చెంచా వేస్తాను. దప్పళంలో గుమ్మడిముక్క ఎందుకంత బాగుంటుందో ఒకసారి గుర్తుతెచ్చుకోండి, పులుపు తగిలితేనే దాని తీపి బయటపడుతుంది. పైన వేయించిన నువ్వులు చల్లండి. గుమ్మడి గుజ్జు ఆదివారమే ఎక్కువ చేసి ఫ్రిజ్‌లో ఐసు ట్రేలో గడ్డకట్టిస్తే, పని రోజు పొద్దున రెండు మూడు గడ్డలు గిన్నెలో వేసుకోవడమే.

బెల్లం అన్నాను కాబట్టి ఇంకో మాట. ఆవుపాలలో బెల్లం వేస్తే విరిగిపోతుందని మన ఇళ్లలో పరమాన్నం దించి, చల్లారాక వేస్తారు. కొబ్బరిపాలతో ఆ భయం లేదు. కానీ చిక్కటి కొబ్బరిపాలు తెర్లనివ్వకూడదు, నూనె తేలి విడిపోతాయి. పలచటి పాలతో ఉడికించి, పొయ్యి కట్టేశాక చిక్కటివి కలపండి. సోయాపాలు వేరే రకం, పులుపు తగిలినా, ఒక్కోసారి బెల్లం తగిలినా విరుగుతాయి. బెల్లంలో ఇసక ఉంటుంది, కాస్త నీళ్లలో కరిగించి వడకట్టి పోసుకుంటే పంటి కింద కరకరలాడదు. తేనె మీరు వాడరు కాబట్టి, బెల్లం రుచి కుదరని చోట గింజ తీసిన ఖర్జూరాలు నాలుగు వేణ్నీళ్లలో నానేసి మిక్సీ పట్టండి.

చిలగడదుంప, తెలంగాణలో కందగడ్డ అంటారు, ఉడికించడం కంటే నెమ్మదిగా కాలిస్తే తియ్యగా ఉంటుంది. సెగ మెల్లగా తగిలేకొద్దీ అందులోని పిండి చక్కెరగా మారుతుంది. పీజీలో నిప్పులెక్కడివి అంటారేమో, మందపాటి గిన్నెలో నీళ్లు లేకుండా, మూతపెట్టి, అతి సన్న సెగ మీద తిప్పుతూ అరగంట. ఆదివారం పని ఇది. చిదిమి ఓట్స్‌లో కలిపితే బెల్లం అక్కర్లేదు. నువ్వులు, ఉప్పు, చిటికెడు కారం, నాలుగు చుక్కల నిమ్మరసం. తీపీ కారం కలిసిన ఈ రుచి కాల్చిన దుంప మీద ఉప్పుకారం చల్లుకుని తిన్నవాళ్లకు వెంటనే పట్టేస్తుంది.

క్యారెట్ తురుము పచ్చిగా వేయకండి, కొబ్బరినూనెలో నాలుగైదు నిమిషాలు వేగితే నారింజరంగు నూనెలోకి దిగుతుంది, అప్పుడు ఓట్స్, నీళ్లు. ఎనిమిది జీడిపప్పులు వేణ్నీళ్లలో పావుగంట నానేసి మెత్తగా రుబ్బి చివర్లో కలపండి, ఏలకులు, ఎండుద్రాక్ష. హల్వాలో కోవా చేసే పని జీడిపప్పు చేస్తుంది.

బీట్‌రూట్‌కు మట్టివాసన ఉంటుంది. దాన్ని దాచడానికి ఏలకులు వేసి నేను చాలా రోజులు పాట్లుపడ్డాను, ఏలకుల వాసనవేసే మట్టి తయారైంది తప్ప ఫలితం లేదు. దానికి విరుగుడు పులుపు. తురిమిన బీట్‌రూట్ రెండు చెంచాలు, అంతకంటే వద్దు, అల్లం తురుము, ఓట్స్ కలిపి ఉడికించి దించాక కమలాపండు రసం అరకప్పు, పై తొక్క కాస్త గీకి వేయండి. మా పిల్లలు దీన్ని చందమామ రంగు జావ అంటారు. ఏ చందమామ గులాబీరంగులో ఉంటుందో నాకు తెలియదు.

సొరకాయ, బీరకాయ జోలికి వెళ్లకండి. చప్పదానికి చప్పది తోడై రోగి తిండి అవుతుంది. కాకరకాయతో ఒకసారి పంతానికి పోయి చేశాను. దాని గురించి మాట్లాడను.

పళ్ల విషయంలో మాత్రం నియమాలు తెలియకపోతే గిన్నె గిన్నే పారబోయాలి, అందుకే నా తప్పులు మీకు చెబుతాను. మెస్ మొదలుపెట్టిన కొత్తలో రాత్రి పదిహేను గ్లాసుల్లో సోయాపాలు, ఓట్స్, పచ్చి అనాసముక్కలు వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే అన్నీ విరిగి ఉన్నాయి, నాలిక మీద పెట్టుకుంటే చేదు. అనాసలో బ్రోమలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పాలలోని మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలే చేదు. ఆవుపాలకే కాదు, సోయాపాలకూ అదే గతి. కివీ పండుతోనూ ఇదే తంటా. వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. కాబట్టి అనాసముక్కలను బెల్లంతో ఐదారు నిమిషాలు మగ్గబెట్టి వాడితే ఏ బాధా లేదు. మగ్గేటప్పుడు ఒక అనాసపువ్వు, నలిపిన మిరియాలు నాలుగు వేయండి. పేరులోనే చుట్టరికం ఉంది, రుచిలోనూ ఉంది.

సీతాఫలంతో జరిగింది దీనికి తిరగేసి. అక్కడ వేడి చేయడమే తప్పు. బాలానగర్ సీతాఫలాలు రాగానే ఆశగా పది కాయల గుజ్జు గింజలు ఏరి తీసి, మరిగే ఓట్స్‌లో వేసి కలియబెట్టాను. రెండు నిమిషాల్లో చేదెక్కిపోయింది. రెండు గంటల గింజల పని మట్టిపాలు. సీతాఫలం గుజ్జును సెగ మీద ఉంచకూడదు. ఓట్స్ కొబ్బరిపాలతో ఉడికించి, గోరువెచ్చని దాకా చల్లార్చి, అప్పుడు గుజ్జు కలపాలి. ఏ మసాలా వద్దు, ఏలకులు కూడా. ఉప్పు చిటికెడు, అంతే. దాని వాసనకు అడ్డం రాకపోవడమే మనం చేసే సాయం.

మామిడిపండుకూ వేడి పెద్దగా పనికిరాదు. నూజివీడు చిన్నరసాలు దొరికితే పిండి రసం కలపండి, బంగినపల్లి అయితే ముక్కలు. తీపి మామిడితో పాటు పచ్చిమామిడి చిన్న ముక్కలు చెంచాడు, ఉప్పు, కొంచెం వేయించిన జీలకర్ర పొడి వేసి చూడండి. ఎనిమిది నెలలుగా మీరు తింటున్న అరటిపండు గిన్నెలో లేనిది ఏమిటో అప్పుడు నాలికకే తెలుస్తుంది. ఒట్టి తీపి మీద తీపి కాకుండా, ప్రతి రెండో చెంచాలో ఏదో ఒకటి పళ్లకు తగలాలి.

జామపండు పండీ పండనిది చెక్కి, పెనం మీద రెండువైపులా మచ్చలు పడేదాకా కాల్చి, నల్ల ఉప్పు, కారం చల్లి జావ మీద వేసుకోండి. బడి ముందు బండి మీద అమ్మే జామకాయ గుర్తొస్తుంది. నేరేడుపళ్లు వచ్చే నెలలో గింజ తీసి నలిపి వేస్తే గిన్నె వంకాయరంగులోకి మారుతుంది, వగరు తగ్గడానికి నల్ల ఉప్పు, కాస్త బెల్లం. పనసతొనలు సన్నగా తరిగి కొబ్బరిపాలలో శొంఠితో మగ్గబెడితే పాయసమే. అరటిపండు మానేయమని నేను చెప్పను, బాగా మాగినదాన్ని ముక్కలుగా కాకుండా పెనం మీద కొబ్బరినూనెలో ఎర్రగా కాల్చి, పైన వేయించిన నువ్వులు వేసుకోండి, మీకు మళ్లీ దాని మీద ప్రేమ పుట్టొచ్చు.

మసాలాలను రెండు జట్లుగా పెట్టుకోండి. జీలకర్ర, ఆవాలు, సోంపు, ఎండుమిర్చి, ఇంగువ నూనెలో వేగితేనే నోరు విప్పుతాయి. సోంపు కొబ్బరినూనెలో చిటపటమనగానే పళ్ల జావ మీద పోయండి, తీపి వంటకానికి పోపేమిటని అనుకోకుండా ఒక్కసారి చూడండి. ఏలకులు, జాజికాయ, కుంకుమపువ్వు దించాక వేసేవి, మరిగితే వాసన గాలిలో కలిసిపోతుంది. దాల్చినచెక్క మాత్రం పొడిగా కాకుండా అంగుళం ముక్కగా ముందే నీళ్లలో వేయండి. ఆ పొడి తడిస్తే జిగురు సాగుతుంది, అసలే జిగురున్న ఓట్స్‌లో అది ఇంకో జిగురు. మీ గిన్నె వికారం పుట్టించడానికి సగం కారణం అదేనని నా అనుమానం. ఇంకో సంగతి, మన బజారులో దొరికేది చాలావరకు మందపాటి కేసియా బెరడు. అందులో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ చెంచాలకు చెంచాలు తింటే కాలేయానికి మంచిది కాదు. సిలోన్ దాల్చినచెక్క సన్నటి పొరలు చుట్టినట్టు ఉంటుంది, అలవాటుగా వాడేవాళ్లు అది వెతుక్కోవడం మేలు.

రాత్రి నానబెట్టేవి అడిగారు కదా. అరకప్పు ఓట్స్‌కు అరకప్పు నుంచి ముప్పావు కప్పు దాకా ద్రవం చాలు. ఇందులో కూడా వేయించిన ఓట్సే వాడండి, లేకపోతే పచ్చిపిండి వాసన. నాకు నచ్చిన వేసవి గ్లాసు ఇది: లేత కొబ్బరినీళ్లలో ఓట్స్, సబ్జాగింజలు చెంచాడు, నిమ్మరసం, ఉప్పు. రాత్రంతా ఫ్రిజ్‌లో. పొద్దున తాటిముంజలు తొక్క తీసి, లోపలి నీళ్లు పోనివ్వకుండా గ్లాసు మీదే చీల్చి వేయాలి. బెంగళూరులో ముంజలు దొరక్కపోతే లేత కొబ్బరి మీగడ. పెరుగు రుచి కావాలంటే వేరుశనగ పెరుగు చేసుకోవచ్చు. కప్పు పల్లీలు రాత్రంతా నానేసి, పొట్టు తీసి, మూడు కప్పుల నీళ్లతో రుబ్బి వడకట్టి, ఆ పాలు కాచి, గోరువెచ్చగా ఉండగా తొడిమలతో సహా నాలుగు పచ్చిమిరపకాయలు వేసి వెచ్చగా ఉంచితే తోడుకుంటుంది. మొదటి వాయి పలచగా వస్తుంది, దాన్నే తోడుగా వేస్తే రెండో వాయి బాగా కుదురుతుంది. ఈ పెరుగులో ఓట్స్, దోసకాయ తురుము, అల్లం, పచ్చిమిర్చి వేసి, పొద్దున పోపు పెడితే దద్దోజనమే. ఓట్స్‌తో పాలు మాత్రం ఇంట్లో చేయకండి, వేడి చేస్తే గంజిలా సాగుతాయి. కొట్లో దొరికేవాటికి ఆ పిండిని విరగ్గొట్టే ఎంజైమ్ కలుపుతారు, 1990ల మొదట్లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో కనిపెట్టిన పద్ధతి అది. వాటి సహజమైన తీపి కూడా అక్కడి నుంచి వచ్చిందే.

ఆరోగ్యం గురించి మీరు అడగలేదు కానీ రెండు ముక్కలు. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ రోజుకు 3 గ్రాములు తింటే కొలెస్ట్రాల్ తగ్గి గుండెకు మేలని అమెరికాలో ఆహారాన్ని, మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 1997లో ప్యాకెట్ల మీద రాసుకోనిచ్చింది. 40 గ్రాముల ఓట్స్‌లో అందులో సగానికి పైనే దొరుకుతుంది. కానీ ఆ మాటలో సంతృప్త కొవ్వు తక్కువ తినాలన్న షరతు కూడా ఉంది. రోజూ చిక్కటి కొబ్బరిపాలు గిన్నెడు పోసుకుంటే ఆ షరతు తప్పినట్టే, అందుకే నేను కొబ్బరిపాలను వారానికి రెండుసార్లకే ఉంచుకుని మిగతా రోజులు నీళ్లతో, పల్లీలతో, నువ్వులతో సరిపెడతాను. పొట్టు తీయని నువ్వుల్లో 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములు దాటి కాల్షియం ఉంటుంది, పాలు మానేసినవాళ్లకు చెంచాడు నువ్వులపొడి మంచి అలవాటు. రాగిపిండి రెండు చెంచాలు ఓట్స్‌లో కలిపినా అంతే, రుచికి కూడా బాగుంటుంది. విటమిన్ బి12 మాత్రం ఏ పండులోనూ కూరగాయలోనూ ఉండదు. ఎనిమిది నెలలైంది కాబట్టి డాక్టరును అడిగి పరీక్ష చేయించుకుని మాత్ర వేసుకోండి, అది ఓట్స్‌తో తీరే పని కాదు. కొట్లో దొరికే మసాలా ఓట్స్ ప్యాకెట్ల వెనక కూడా ఒకసారి చదవండి, కొన్నిట్లో పాలపొడి ఉంటుంది.

ఒకటి మీ సరదాకి. ఉగాది రోజు మెస్‌లో పచ్చడి మిగిలిపోయింది, పారబోయడానికి మనసొప్పలేదు. మర్నాడు పొద్దున గట్టిగా వండిన ఓట్స్ బాగా చల్లారాక అందులో ఆ పచ్చడి కలిపి, వేపపువ్వు కాస్త నూనెలో వేయించి పైన నలిపాను. చింతపండు, బెల్లం, మామిడిముక్క, ఉప్పు, కారం, ఆ కరకరలాడే చేదు. పిల్లలు అనుమానంగా చూసి మొదలుపెట్టి, రెండోసారి అడిగారు. అప్పటి నుంచి ఉగాదికి పచ్చడి కావాలనే ఎక్కువ చేస్తున్నాను.

రేపు పొద్దుటికి మీ దగ్గర టమాటాలు, మిరియాలు ఉంటే చారు ఓట్స్‌తో మొదలుపెట్టండి. గోంగూరది ఆదివారానికి ఉంచుకోండి, అది తిన్నాక ఆఫీసులో నిద్రొస్తుంది. గుమ్మడికాయ కొనేటప్పుడు పెద్దది కొని పాడుచేయకుండా కోసిన ముక్క అడగండి, లోపల గుజ్జు ఎర్రగా ఉన్నదే తీసుకోండి, పసుపుగా ఉంటే ఎంత బెల్లం పోసినా రుచి రాదు.